గండికోట యుద్ధసంభారములు

ఆంధ్రదేశమందలి దుర్గములను గూర్చి వ్రాసినవారు సామాన్యముగా రెండు ప్రశ్నలతో దృప్తి నొందుచుందురు. కోటను గట్టించిన దెవరు? దానిని బట్టుకొన్న దెవరు? ఈ రెండింటికి నడుమ కోటలోనివా రేమి తినిరి, వారి తుపాకిమందు ఎచ్చట నిలువయుండెను, ముట్టడించినవాని గుఱ్ఱములకు ఉలవ లెవరు దెచ్చిరి, ఫిరంగికి వలయు లోహ మెచ్చటిది అను ప్రశ్నలు పుట్టుటయే అరుదు. రాజుల వంశావళులు శాసనములయందు దొరకును. ఉలవల లెక్క దొరకదు. అయినను ఉన్నంత యాధారముతో నా వైపునుండి చూచినచో గొన్ని ప్రసిద్ధకథలు మాఱిపోవునని మా యభిప్రాయము. కడప జిల్లాలో జమ్మలమడుగునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున నున్న గండికోటను ఉదాహరణముగా దీసికొని, పదునేడవ శతాబ్ది నడుమ జరిగిన దాని ముట్టడిని సంభారముల దృష్టితో నిచ్చట బరిశీలింపదలచితిమి. సంభారములన్న మాటలో ఆయుధములతో బాటు మందు, ధాన్యము, నీరు, బరువు మోయు పశువులు, జీతపు సొమ్ము అన్నియు జేరునని పాఠకులు గ్రహింతురు గాక.

ఎఱ్ఱమలలను జీల్చుకొని పెన్న ప్రవహించు గండివలననే కోటకు నా పేరు వచ్చినది. ఒకవైపు సుమారు మూడువందల అడుగుల లోతుగల లోయ, మఱియొకవైపు కొండదారి. ఇట్టి చోట గోట గట్టుట తేలిక, దానిని బోషించుట కష్టము. కొండమీద బండు ధాన్యము దండునకు జాలదు. కనుక కోట బ్రదుకు క్రింది సీమపై నాధారపడియుండెను. తూర్పున జమ్మలమడుగు, ప్రొద్దుటూరుల చుట్టు పెన్న, కుందేరుల నడుమ వ్యాపించిన నల్లరేగడిచేలు జొన్నకును ప్రత్తికిని బుట్టినిండ్లు. దక్షిణమున బులివెందుల సీమ మెట్టచేలతోను గుట్టలతోను నిండినది. ఈ మూడు సీమలను నేడు మనము మూడు పట్టణముల పేర వేఱువేఱుగా దలచుచున్నాము. గండికోట పాలకునికి మాత్ర మవి యొకే గాదెకు మూడు అఱలు. రాయలసీమ రైతు జొన్నలను నేలలో దవ్విన పాతరలయందు దాచు వాడుక చిరకాలమునుండి యున్నది. పాతర పైకి గనబడదు. దండు వచ్చిన దినమున ఆ యూరి ధాన్యమెంతో ఊరివారికే తెలియును. ఈ చిన్న విషయము యుద్ధచరిత్రలో జిన్నది కాదు.

విజయనగర ప్రభువుల కాలమున సైన్యపోషణభారము నాయంకర పద్ధతివలన నాయకులపై బడెను. రాజు సీమ నిచ్చును. నాయకుడు ఆ సీమ రాబడితో నింత కాల్బలము, ఇన్ని గుఱ్ఱములు, ఇన్ని ఏనుగులు సిద్ధముగా నుంచవలెను. పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాసిన వృత్తాంతమున నిట్టి నాయకుల పట్టిక యొకటి కలదు. వజ్రములు దొరకు సీమ కధిపతి యని యాత డొక నాయకుని బేర్కొని, ఆతడు ఎనిమిదివేల కాల్బలమును, ఎనిమిదివందల గుఱ్ఱములను, ముప్పది ఏనుగులను నిలుపవలసియుండెనని చెప్పినాడు. అనగా రాజధానిలో గొప్ప ఆయుధాగార ముండవలసిన పని లేదు. ప్రతి సీమయు నొక చిన్న ఆయుధాగారమే. గండికోట నేలిన పెమ్మసానివారు ఈ పద్ధతిలోని ప్రముఖులు. ఈ పద్ధతికి గల బలము, బలహీనత రెండును గండికోటలో గనబడును. ధాన్యము, మనుష్యులు, కత్తులు, ఈటెలు సీమలోనే సమకూరును. సీమలో బుట్టని వస్తువులు మాత్రము రేవుల నుండి రావలసినవే. మేలుజాతి గుఱ్ఱము లట్టివి. పెద్ద ఫిరంగులను బోయు నేర్పు గూడ నట్టిదే. ఆముక్తమాల్యదలోని రాజనీతిభాగమున గృష్ణదేవరాయలు రేవులను బాగు చేయవలెననియు, ఏనుగులను గుఱ్ఱములను దెచ్చు దూరదేశ వర్తకులను ఆదరించి యవి శత్రువుల పాలు గాకుండ జూచుకొనవలెననియు బోధించుటకు గారణ మిదియే. ఆ పద్యములను మన పాఠములలో రాజనీతి పేర జెప్పుచున్నాము గాని, యవి సంభారనీతి యనుట మఱింత సరి. 1565 తరువాత రేవులకును గండికోటకును నడుమ నా సంబంధము క్రమముగా సడలిపోయెను.

కోటలో నేటికిని నిలిచియున్న కట్టడములలో యాత్రికులు మాధవరాయస్వామి ఆలయమును, జుమ్మా మసీదును జూచి మెచ్చుకొందురు. మాకు మాత్రము వానికి సమీపముననే యున్న కమానుకప్పుల పెద్ద ధాన్యపుకొట్టు, మందుగుండు కొట్టు, రాయలచెఱువు ఎక్కువ మాటలాడునవిగా దోచును. ధాన్యపు కొట్టునకు దళసరి గోడలు, కొలదియైన ద్వారములు. తేమయు నెలుకలును రాకుండ గట్టినారు. మందును ధాన్యమును వేఱువేఱుగా నుంచినారు. కత్తుల కోనేరని యొకటి కలదు. యుద్ధానంతరమున వీరులు కత్తులను అందులో గడిగి రనియు, అందుచే నీరెఱ్ఱనాయె ననియు జెప్పుదురు. ఎఱ్ఱరాళ్ళ కొండపై నీరెఱ్ఱనగుటకు నెత్తురు అక్కఱలేదు గాని, కథకు నీటిగుంటయొద్ద నాయుధములు శుభ్రపఱచు వాడుక యాధారమైయుండును.

ఇక ముట్టడి మాట. గోలకొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షాహ్ సేనాని మీర్ జుమ్లా కర్ణాటకమును జయించుచు వచ్చి 1650 ప్రాంతమున గండికోటను బట్టుకొనెను. అప్పటి ప్రభువు పెమ్మసాని చినతిమ్మానాయుడు. ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే 1652లో ముత్యములను రత్నములను అమ్మజూపుటకై మీర్ జుమ్లాను వెదకికొనుచు గండికోటకు వచ్చి, ముట్టడి కథను అచ్చటి ఫిరంగివాండ్రవలన విని తన యాత్రాగ్రంథమున వ్రాసినాడు. ఆ గ్రంథము 1676లో బారిసులో నచ్చయినది. గండికోట ముట్టడిని గూర్చి సంభారములపరముగా నింత వివరము మఱి యే యాధారమునను లేదు.

తావెర్నియే మాటలలో గోటకు బోవు దారి సామాన్యముగా ఇరువది, ఇరువదియైదు అడుగుల వెడల్పు; కొన్నిచోట్ల ఏడెనిమిది అడుగులే. కుడివైపు ఘోరమైన లోయ, దాని యడుగున నది. మైదానమువైపు ఒకే ద్వారము. దానికి జెక్కిన రాళ్ళతో గట్టిన మూడు గోడలు, అగడ్తలు. కాబట్టి లోపలివారు కాపాడుకొనవలసిన జాగ నాలుగైదువందల అడుగులు వేయునంతటిదే. ఇంతవఱకు చదివిన యే విద్యార్థియైనను కోట యభేద్యమనును. తరువాతి వాక్యమునే మేము మా విద్యార్థులచే రెండుమాఱులు చదివింతుము. కోటలో నున్న ఫిరంగులు రెండే. రెండును ఇనుపవి. ఒకటి పండ్రెండు పౌండ్ల గుండు వేయునది, ద్వారముపై నుంచబడినది. రెండవది ఏడెనిమిది పౌండ్లది, ఒక బురుజు కొనను నుంచబడినది.

మూడు నెలలు ముట్టడి సాగెను. లోపలివారు మాటిమాటికి బయటపడి కొట్టుటచే మీర్ జుమ్లాకు జననష్టము మిక్కుటమాయెను. ఫిరంగులను కొండపైకి జేర్చిననే గాని కోట పడదని తెలిసికొని, యాతడు గోలకొండ కొలువులోని పరంగి ఫిరంగివాండ్ర నెల్లరను బిలిపించి, యుపాయము గనుగొన్నచో మామూలు జీతముపై నాలుగు నెలల జీత మధికముగా నిత్తుననెను. వారిలో డచ్చి కొలువు విడిచివచ్చిన ఫ్రెంచివారు, ఆంగ్లేయులు, డచ్చివారు, ఇటలీవారు నుండిరి. వారు నాలుగు ఫిరంగులను బైకి జేర్చిరి. తమ గుండ్లను ద్వారముపై నున్న ఫిరంగిమీదనే గుఱిపెట్టి దానిని బనికిరానిదానిగా జేసిరి. ద్వారము సగము కూలినంతట లోపలివారు మర్యాదగల షరతులపై కోట నప్పగించి వెడలిపోయిరి.

తావెర్నియే ముట్టడిని స్వయముగా జూచినవాడు కాడు. చెప్పినవారు ఫిరంగివాండ్రు, తమవల్లనే కోట పడినదని వారు చెప్పుకొనుట సహజము. ఆ గొప్పలో గొంత తగ్గించి చదువవలెను. అయినను ఫిరంగుల సంఖ్య, గుండ్ల బరువు, దారి వెడల్పు, అధికజీతపు మొత్తము వంటి వివరములను గల్పించుటవలన వారికి బ్రయోజనము లేదు. కాబట్టి వానిని నమ్మవచ్చునని మా నిర్ణయము.

కొండదారిని ఫిరంగి నెక్కించుట యననేమో యోచింతము. పదునెనిమిదవ శతాబ్దపు ఫ్రెంచి కొలతలను బట్టి పండ్రెండు పౌండ్ల గుండు వేయు కంచుఫిరంగి సుమారు ఒకటిన్నర టన్ను, ఇరువదినాలుగు పౌండ్లది రెండున్నర టన్నుల పైమాట తూగును. మైదానమున సైతము ఔరంగజేబు పెద్ద ఫిరంగులలో గొన్నిటికి ఇరువది జతల యెడ్లు వలసియుండె ననియు, చిక్కుకొన్నచో ఏనుగులు తొండములతో ద్రోయుచుండె ననియు బెర్నియే వ్రాసినాడు. ఏడెనిమిది అడుగుల దారిలో ఇరువది జతల యెడ్లు మలుపు దిరుగజాలవు. మోకులు, దూలములు, వందలకొలది మనుష్యుల భుజములు, అన్నిటిని మించి ఏ చోట నేది కట్టవలెనో తెలిసినవాడు వలయును. ఆ తెలిసినవానికే నాలుగు నెలల జీతము.

సీమలో నొక గాథ కలదు. కోట యుద్ధమున బడలేదనియు, మంత్రి పొదిలి లింగన్న ద్రోహముచే జినతిమ్మానాయుడు విషమునకు బలియయ్యెననియు జెప్పుదురు. ఈ గాథను మేము తృణీకరింపము. ఓడిన సీమ తన గౌరవమును నిలుపుకొనుటకు జెప్పుకొన్న కథకు దన విలువ తనకు గలదు. కాని చరిత్ర వ్రాయువారు దానినే కారణముగా జూపుట సరి గాదు. ద్రోహమును గారణముగా జెప్పినచో మఱి వెదుకవలసిన దేమియు నుండదు. రెండు ఇనుప ఫిరంగులను గారణముగా జెప్పినచో, ఇంత సంపన్నసీమ నేలిన వంశమునకు రెండే యెందుకుండెనను ప్రశ్న పుట్టును. ఆకలిచే గోట లొంగినట్లు తావెర్నియే యెచ్చటను వ్రాయలేదు. నీరు, ధాన్యములలో లోపము లేదు. గోడలలో లోపము లేదు. సాహసములో నంతకన్న లేదు. చెడినది నాయంకరపు నాటి పాత లెక్క. ఆ లెక్కలో గుఱ్ఱములు, ఏనుగులు, కాల్బలము ఉండెను; ఫిరంగులకు మాత్ర మొక గడి ప్రత్యేకముగా లేకుండెను.

మీర్ జుమ్లా లెక్క వేఱు. ఆతడు వజ్రపు గనులను గుత్తకు దీసికొన్నవాడు, ఓడలు గలవాడు, వర్తకుడై సేనాని యైనవాడు. జగదీశ్ నారాయణ్ సర్కార్ 1951లో వెలువరించిన మీర్ జుమ్లా చరిత్రలో నాతని బలములను బేర్కొనినాడు: సుల్తాను నాలుగువేల గుఱ్ఱములు గాక, తన సొంతమున నైదువేల గుఱ్ఱములు, ఇరువదివేల కాల్బలము, మూడువందల ఏనుగులు, నాలుగైదువందల ఒంటెలు, పదివేల బరువుటెడ్లు. ఈ చివరి సంఖ్యయే మా కాసక్తికరము. పెరికె యెద్దు సుమారు నూఱు కిలోల ధాన్యము మోయునని యనుకొన్నచో, పదివేల యెడ్లు వేయి టన్నులు మోయును. ఇరువదితొమ్మిదివేల సైనికులకు దినమునకు మనిషికొక కిలో చొప్పున ఇరువదితొమ్మిది టన్నులు. తొమ్మిదివేల గుఱ్ఱములకు మూడేసి కిలోల ఉలవల చొప్పున ఇరువదియేడు టన్నులు. వెరసి దినమునకు ఏబదియాఱు టన్నులు. అన్ని యెడ్లపైన ధాన్యమే వేసినను అది పదునెనిమిది దినముల మాట. సేవకులు, వంటవారు, ఏనుగులు, ఎడ్లు, మావటివారు ఈ లెక్కలో జేరలేదు. ఇది మా యంచనామాత్రమే. సంఖ్యలు కొంత హెచ్చు తగ్గైనను ఫలితము మాఱదు. మూడు నెలల ముట్టడికి దండువెంట వచ్చిన ధాన్యమునకు గనీసము నాలుగింతలు మరల మరల రావలసియుండెను.

అది వచ్చినది రెండు మార్గముల. మొదటిది జమ్మలమడుగు, ప్రొద్దుటూరు సీమల పల్లెలలోని పాతరలు; కొన్నవో, దోచినవో, రెండు విధములును గలసినవో. రెండవది లంబాడీల పెరికెలు. పదివేలు, పండ్రెండువేల యెడ్లు గల గుంపులు బియ్యము, గోధుమలు, ఉప్పు మోసికొని పోవుట చూడదగినదని తావెర్నియేయే వ్రాసినాడు. వారిలో నాలుగు తెగలుండె ననియు, ఒక్కొక్క తెగ యొక్కొక్క సరకునే మోయుచుండె ననియు నాతడు చెప్పును. దండునకు దండే శత్రువైన కాలమున నీ లంబాడీలు ఇరుపక్షములకు నమ్ముచు, ఇరుపక్షములచే గాపాడబడుచు దిరిగిరి. వెల యిచ్చువానికి ధాన్యము. రొక్కము గలవాడే దీర్ఘకాలము ముట్టడి సాగింపగలడు. సొమ్ము కలిగిన మీర్ జుమ్లా డేరాలో గూర్చుండి, కాలివ్రేళ్ళ సందులలోను చేతివ్రేళ్ళ సందులలోను జాబులను జెక్కుకొని, ఒక్కొక్కటి తీసి కార్యదర్శులచే బ్రత్యుత్తరములు వ్రాయించుచుండుట తావెర్నియే కన్నులార జూచినాడు. ఇరువదిచోట్లనుండి వచ్చు లెక్కలను ఒక్కడే చూచుకొను సేనాని యతడు. పెమ్మసాని వీరుల శౌర్యమునకు నీడుగా నిలిచిన దీ జాబుల కట్టయే.

అయినను కోట పట్టిన తరువాత నీ మేధావియే చేసిన యొక ప్రయత్నము విఫలమైనది. ఆ కథయే గండికోట సంభారచరిత్రలో మిగుల విచిత్రమైన భాగము. ఫిరంగుల విలువ తెలిసినవాడు గనుక మీర్ జుమ్లా అచ్చటనే పోతపనిని మొదలిడ దలచెను. బూర్జ్ నగరవాసియైన క్లోద్ మయ్యే అను ఫ్రెంచివానికి నలుబదియెనిమిది పౌండ్ల గుండు వేయునవి పది, ఇరువదినాలుగు పౌండ్లవి పది, వెరసి ఇరువది ఫిరంగులు పోయుమని యాజ్ఞాపించెను. రాగి కొఱకు వెదకి, ఆలయములనుండి తీసిన విగ్రహములను బ్రోగు చేయించెను. గండికోట ఆలయమున బెద్ద రాగివిగ్రహము లాఱు ఉండెననియు, వానిలో గొన్ని పది అడుగుల యెత్తు గలవనియు దావెర్నియే చెప్పును. చిన్న విగ్రహము లన్నియు గరగెను గాని, యా యాఱు మాత్రము కరగలేదు. నవాబు ఎంతో వ్యయము చేసెను. పూజారులు మంత్రము వేసిరని బెదరించెను. ఫలము లేకపోయెను. చివరకు మయ్యే పూర్తి చేసిన ఫిరంగి యొక్కటే. అదియు పరీక్షలో బగిలినది. తక్కినవి సగము పోతలోనే నిలిచిపోయినవి. కొంతకాలమునకు మయ్యే కొలువు విడిచి వెడలిపోయెను.

కరగని విగ్రహముల కథ భక్తులకు మహిమగా దోచును. మీర్ జుమ్లాకు మంత్రముగా దోచినది. మాకు దోచునది కొలిమి మాట. పైని చెప్పిన తూనికలతో లెక్క వేసినచో నిరువది ఫిరంగులకు డెబ్బది టన్నులకు దగ్గని లోహము వలయును. రాగి కరగుటకు వేయి డిగ్రీలకు బైబడిన వేడి కావలెను. చిన్న విగ్రహమును గరగించు కొలిమి, లోపల గుల్ల లేక గట్టిపోతగా నున్న పది అడుగుల విగ్రహమునకు వేడి నందింపజాలదు. లోహపుముద్ద యెంత పెద్దదైన వేడి నంతగా లోనికి బీల్చుకొని వెలుపల గరగకుండ నుండును. దానిని ముందుగా ముక్కలు చేయవలెను. పగిలిన ఫిరంగి మాట వేఱు. ఫిరంగికంచునకు రాగి తొమ్మిది పాళ్ళు, తగరము ఒక పాలు ఇంచుమించుగా నుండవలెను. విగ్రహముల లోహములో తగరము, సీసము, ఇతరలోహములు ఒక్కొక్కదానిలో నొక్కొక్క పాలు. అట్టివాని నన్నిటిని గలిపి పోసినచో వచ్చు మిశ్రమము పాళ్ళు పోసినవానికే తెలియవు. స్థపతి దేవతకై కూర్చిన లోహము తుపాకిమందు దెబ్బకు నిలువకపోవుటలో వింత లేదు. మఱియు మయ్యే వృత్తిచే ఫిరంగి కాల్చువాడు. కాల్చు నేర్పు వేఱు, పోయు నేర్పు వేఱు. ఈ భేదమును గమనింపక పని యొప్పగించుట నవాబు పొరపాటు. నేటికిని గండికోట ఆలయముల గర్భగుడులు శూన్యముగా నున్నవి.

మీర్ జుమ్లా తరువాత మొగలుల కొలువున జేరి, బంగాళమునకు సుబేదారై, 1662లో అస్సాముపై దండెత్తెను. రాజధాని గడ్‌గాఁవ్ చేతికి జిక్కెను గాని, వానలు పట్టి దారులు మునిగి, ఓడలు దూరమున నిలిచిపోయి, ధాన్యము రాక దండు చిక్కి శల్యమాయెను. మరలివచ్చుచు 1663లో నాతడు మరణించెను. గండికోటలో నాతని నాదుకొన్న పెరికె యెద్దు నడువగల నేల అస్సాములో లేకపోయెను.

ఫిరంగి పోతకు గడప సీమ రాబడి మఱియొకమాఱు ముడిపడినది. ఈ సీమ 1779లో మైసూరు హైదరాలీకిని, 1792 సంధిచే నిజామునకును జిక్కెను. నిజాము తన కొలువులోని ఫ్రెంచి సేనాని రేమాన్ బలముల జీతమునకై కడప సీమను జాగీరుగా నిచ్చెను. ఈ రేమానే 1786లో హైదరాబాదులో ఫిరంగుల పోతశాలను గట్టించినవాడు. ఆ పేట నేటికిని గన్‌ఫౌండ్రీ యనియే పిలువబడుచున్నది. సుమారు నూటముప్పదియైదేండ్ల క్రిందట నొక ఫ్రెంచివాడు గండికోట కొండపై జేయలేకపోయిన పనిని మఱియొక ఫ్రెంచివాడు మూసీ యొడ్డున సాధించెను. దానిని నడపిన దండు జీతములో జమ్మలమడుగు, ప్రొద్దుటూరు రేగడిచేల పన్నులును జేరినవి. రేమాన్ 1798 మార్చిలో మరణించెను. ఆ యేడు అక్టోబరులో నాతని బలములను ఆంగ్లేయులు విచ్ఛిన్నము చేసిరి.

1800 అక్టోబరు 12వ తేదీ సంధితో నిజాము ఈ సీమలను గుంపిణీవారి కప్పగించెను. దత్తమండలములను పేరునకు మూల మిదియే. అప్పగించుటకు గారణము, తన రక్షణకై కుంపిణీవారుంచిన దండు ఖర్చు. గుంపిణీవారిని బ్రొద్దుటూరు, పులివెందులలకు దెచ్చిన దొక దండు పద్దు. ప్రధాన కలెక్టరుగా వచ్చిన మన్రోకు దత్తమండలములలో సుమారు ఎనుబదిమంది పాళెగాండ్రు ఎదురైరి. పులివెందుల ప్రాంతమున వేములవారు వారిలోని వారే. ప్రతి పాళెగానికి నొక చిన్న కోట, కొందఱు బంట్రోతులు, వారిని బోషించు మాన్యములు ఉండెను. నాయంకరపు పాత లెక్కయే చిన్న చిన్న తునకలై యిన్నినాళ్ళు బ్రదికినదన్నమాట. మన్రో 1807 వఱకు నిచ్చటనే యుండి పాళెగాండ్ర బంట్రోతుబలముల నణచి, పన్నులను నేరుగా రైతుతో గుదుర్చుకొనెను. కోటకు ధాన్యము జేర్చు పని పల్లెలకు దప్పినది. గండికోటలోని ధాన్యపుకొట్టు కొంతకాలము బాటసారుల బంగళాగా నుపయోగపడినది.